సిపాయిల సంఘం - జనరల్ లోగన్

ఏటా మే నెల చివరి సోమవారం నాడు అమెరికాలో సైనికుల సమాధుల మీద పూలూ, చిన్న చిన్న జెండాలూ కనిపిస్తాయి. ఈ ఆనవాయితీని దేశమంతటా నిలబెట్టినవాడు జాన్ ఎ. లోగన్. మన విద్యార్థుల్లో చాలామందికి ఆయన పేరు తెలియకపోవచ్చు. కాని తెలుసుకోదగ్గ జీవితం ఆయనది. ఎందుకంటే, పుట్టుకతోనే మహానుభావుడేమీ కాదాయన.

లోగన్ 1826లో ఇల్లినాయ్ రాష్ట్రపు దక్షిణభాగంలో ఒక డాక్టరుగారింట పుట్టాడు. మెక్సికో యుద్ధంలో పనిచేసి వచ్చి, లా చదివి ప్లీడరయ్యాడు. ఆ ప్రాంతంలో బానిసత్వం మీద సానుభూతి గలవారే ఎక్కువ. శాసనసభలో అడుగుపెట్టిన ఈ కుర్రవాడూ ఆ గాలికే కొట్టుకుపోయాడు. నల్లజాతివారెవరూ కొత్తగా వచ్చి ఇల్లినాయ్‌లో స్థిరపడరాదంటూ 1853లో వచ్చిన చట్టానికి ముఖ్యకారకుడు ఆయనే. జుల్మానా కట్టలేనివాడి చాకిరీని వేలం వేయించే చట్టం అది! అప్పటికి ఆయన వయస్సు 27.

1861లో అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి లోగన్ కాంగ్రెసు సభ్యుడు. ఎటు మొగ్గుతాడోనని అందరికీ అనుమానమే. ఆయన మాత్రం దేశం ముక్కలు కాకూడదని యూనియన్ పక్షాన నిలిచి, 31వ ఇల్లినాయ్ పటాలాన్ని కూడగట్టాడు. 1862లో ఫోర్ట్ డోనెల్సన్ దగ్గర తీవ్రంగా గాయపడ్డాడు. 1864 జూలై 22న అట్లాంటా దగ్గర సేనాని మెక్‌ఫర్సన్ నేలకూలితే, అప్పటికప్పుడు సైన్యాన్ని చేతిలోకి తీసుకుని గెలిపించాడు. అయినా ఆ పదవి ఆయనకు దక్కలేదు. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివిన హోవర్డ్‌కు ఇచ్చాడు జనరల్ షెర్మన్. లోగన్ మనసు నొచ్చుకుంది. కాని అలిగి ఇంటికి పోలేదు. తన దళానికే తిరిగి వెళ్లి పోరాడాడు.

యుద్ధం ముగిసింది. ఇళ్లకు చేరిన సిపాయిల్లో కాళ్లూ చేతులూ పోయినవారు, పని దొరకనివారు ఎందరో. వీరికోసం 1866 ఏప్రిల్ 6న ఇల్లినాయ్‌లోని డెకేటర్ పట్టణంలో డాక్టర్ బెంజమిన్ స్టీఫెన్సన్ ఒక సంఘం పెట్టాడు. అదే గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్. సోదరభావం, దానగుణం, దేశభక్తి దాని ఆశయాలు. వితంతువులకు, అనాథ పిల్లలకు సాయం చేయడం, నిలువనీడ లేని సిపాయిలకు ఆశ్రయాలు ఏర్పరచడం, పింఛన్ల కోసం ప్రభుత్వాన్ని నిలదీయడం దాని పనులు.

1868 నుంచి 1871 వరకు ఈ సంఘానికి నాయకుడు లోగన్. 1868 మే 5న ఒక ఉత్తర్వు పంపి, మే 30న ప్రతి శాఖా తన ఊళ్లోని సైనికుల సమాధులను పూలతో అలంకరించాలన్నాడు. ఆ ఏడాది ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో సుమారు ఐదువేలమంది చేరారు. అంతకుముందే కొన్ని ఊళ్లలో ఈ అలవాటు ఉన్నా, దేశానికంతటికీ ఒకే రోజును కుదిర్చింది ఆ ఉత్తర్వే.

ఇక అసలు విశేషం. నాడు నల్లజాతివారిని గడప తొక్కనివ్వనన్న మనిషే, యుద్ధం తరువాత వారి ఓటుహక్కు కోసం కాంగ్రెసులో పోరాడాడు. ఆయన నడిపిన సంఘంలో నల్లజాతి సిపాయిలకూ సభ్యత్వం ఉండేది. చాలాచోట్ల వారి శాఖలు వేరుగానే ఉండేవన్నదీ నిజమే. అయినా ఆ రోజుల్లో అదేమీ చిన్న సంగతి కాదు. ఆయన తెచ్చిన 1853 నాటి చట్టాన్ని ఇల్లినాయ్ 1865లోనే రద్దు చేసింది.

1884లో ఉపాధ్యక్ష పదవికి పోటీచేసి ఓడిన లోగన్, 1886 డిసెంబరు 26న కన్నుమూశాడు. 1890 నాటికి సంఘంలో నాలుగు లక్షలకు పైగా సభ్యులు. పింఛన్ల పరిధిని బాగా పెంచిన చట్టం వచ్చిందీ ఆ ఏడే. చిట్టచివరి సభ్యుడు ఆల్బర్ట్ వూల్సన్ 1956లో మరణించడంతో సంఘం ముగిసింది. పూలు పెట్టే ఆ రోజు మాత్రం నిలిచిపోయింది.

మిత్రులారా! ఇరవయ్యేళ్ల వయస్సులో మన అభిప్రాయాలన్నీ రాతిమీద చెక్కినట్టే ఉంటాయి. వాటిలో తప్పున్నదని తెలిసిననాడు మార్చుకోగలమా? లోగన్ మార్చుకున్నాడు.