కరాటే గురువు ఫునకోషి గిచిన్

దక్షిణ అమెరికాలో పుట్టిన వేరుశనగ సముద్రాలు దాటి వచ్చి, వానచినుకు కరవైన అనంతపురం ఎర్రనేలల్లో వేళ్లూని, ఇక్కడి రైతుకు జీవనాధారమైంది. విద్యలు కూడా అంతే. నేల మారితే పేరు మారుతుంది, రూపం మారుతుంది. మూలం మాత్రం మారదు. కొరియా దేశపు తైక్వాండో ఇందుకు నిదర్శనం. దాని మూలాన్ని అన్వేషిస్తే జపాను కరాటే గురువు ఫునకోషి గిచిన్ జీవితం మన ముందు నిలుస్తుంది.

ఫునకోషి 1868 నవంబరు 10న ఒకినావా ద్వీపంలోని షురి పట్టణంలో జన్మించాడు. బాల్యంలో ఆయన దుర్బల శరీరుడు. ఆరోగ్యం కోసం ఆరంభించిన సాధన క్రమంగా జీవితవ్రతమైంది. పగలు ఉపాధ్యాయవృత్తి నిర్వహిస్తూ, రాత్రివేళ అజాతో అంకో, ఇతోసు అంకో అనే ఆచార్యుల వద్ద కరాటే అభ్యసించాడు. ఎదుట ప్రత్యర్థి ఉన్నట్లు భావించి, నిర్ణీత వరుసలో చేసే అడుగులు, అడ్డులు, పిడిగుద్దుల కూర్పే విన్యాసక్రమం. ఇతోసు పాఠశాల బాలుర కోసం ‘పినాన్’ అనే 5 క్రమాలను రూపొందించాడు.

1922లో టోక్యోలో జరిగిన వ్యాయామ ప్రదర్శనలో ఫునకోషి తన విద్యను ప్రదర్శించాడు. జూడో స్థాపకుడు కానో జిగోరో ఆయనను ఆదరించాడు. 53 ఏళ్ల వయస్సులో కుటుంబాన్ని విడిచి రాజధానిలోనే నిలిచిన ఆ గురువు, విద్యార్థి వసతిగృహంలో తలదాచుకొని, ఆవరణ ఊడుస్తూ పొట్టపోసుకొన్నాడు. పేదరికం ఆయన దీక్షను సడలించలేదు. క్రమంగా విశ్వవిద్యాలయాలు ఆయనకు తలుపులు తెరిచాయి.

ఆనాటి జపానులో జాతీయాభిమానం ఉద్ధృతంగా ఉండేది. చైనాను స్ఫురింపజేసే ‘చీనా హస్తం’ అనే అర్థాన్ని తొలగించి, ‘రిక్త హస్తం’ అనే అర్థమిచ్చే లిపితో కరాటే పేరును ఆయన ప్రచారం చేశాడు. పినాన్ క్రమాలను ‘హేయాన్’ అన్నాడు.

కొరియా 1910 నుండి 1945 వరకు జపాను పాలనలో ఉండేది. టోక్యోలో చదువుకొన్న కొరియా యువకుడు లీ వన్-కుక్ ఫునకోషి వద్ద కరాటే నేర్చి, 1944లో సియోల్‌లో చుంగ్ డో క్వాన్ శిక్షణాలయాన్ని స్థాపించాడు. అక్కడ అవే క్రమాలు ‘ప్యోంగాన్’ అయ్యాయి. పినాన్, హేయాన్, ప్యోంగాన్ అనేవి ఒకే లిపికి మూడు ఉచ్చారణలు, అర్థం శాంతి. 1955లో తైక్వాండో అనే పేరు వచ్చింది. కొరియా గురువులు కొత్త క్రమాలు కూర్చి, ఎత్తయిన తన్నులకు ప్రాధాన్యమిచ్చారు. పరపాలన గాయాలు మానని ఆ జాతి, తన విద్య పూర్తిగా స్వదేశీయమని చెప్పుకొంది. అయినా అడుగుల తీరులో, అడ్డుల వరుసలో పాత జాడలు చెరగలేదు. చైనా పేరును ఫునకోషి ఎందుకు మరుగుపరిచాడో, జపాను పేరును కొరియా అందుకే మరుగుపరిచింది.

1945లో ఫునకోషికి వరుస విపత్తులు సంభవించాయి. శిష్యులు నిర్మించిన షోటోకాన్ శిక్షణాలయం బాంబుదాడిలో నేలమట్టమైంది. వారసుడనుకొన్న కుమారుడు వ్యాధితో మరణించాడు. తర్వాత రెండేళ్లకు భార్య కూడా దూరమైంది. అయినా ఆ వృద్ధుడు బోధన మానలేదు. 1957 ఏప్రిల్ 26న టోక్యోలో కన్నుమూశాడు.

తైక్వాండో 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో పతక క్రీడగా స్థానం పొందింది. మూలాన్ని అంగీకరించినంత మాత్రాన దాని ఘనత తగ్గదు. ఇచ్చినవారిని స్మరించడం, పుచ్చుకొన్నదానిని పెంపొందించడం విద్యావంతుల ధర్మం.