పది రూపాయల లెక్క

మన బొంరాస్‌పేట 2016 వరకూ మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉండేది. 1956 సెప్టెంబరులో ఆ మహబూబ్‌నగర్ దగ్గర రైలు వంతెన కూలి వందమందికి పైగా చనిపోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి. వంతెన ఆయన కట్టలేదు, రైలు ఆయన నడపలేదు. అయినా బాధ్యత తనదేనని రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ ఒప్పుకోలేదు. ఆ నవంబరులోనే తమిళనాట అరియలూరు వద్ద మరో ఘోర ప్రమాదం జరిగింది. ఈసారి ఆయన పట్టుబట్టి పదవి వదిలేశారు. దాంతో మంత్రి జీతం ఆగిపోయింది. ఆ కష్టంలో ఇల్లు నడిపిన మనిషి ఆయన భార్య లలితాదేవి.

ఆ దంపతులకు తక్కువలో బతకడం కొత్తేమీ కాదు. 1904 అక్టోబరు 2న మొఘల్‌సరాయ్‌లో పుట్టిన శాస్త్రిగారు పసితనంలోనే తండ్రిని పోగొట్టుకున్నారు. 1928లో మీర్జాపూర్ అమ్మాయి లలితాదేవిని పెళ్లాడినప్పుడు ఆయన కట్నంగా తీసుకున్నది ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు మాత్రమే. చర్చిలో పెళ్లి ప్రమాణాలు చేసి, చాటున లక్షల కట్నం లెక్కపెట్టుకునే మన క్రైస్తవ కుటుంబాలు ఈ మాట దగ్గర కాసేపు ఆగాలి.

స్వాతంత్య్ర పోరాటంలో ఆయన ఏళ్ల తరబడి జైల్లో ఉన్నారు. అప్పుడు లాలా లజపతిరాయ్ స్థాపించిన సేవాసంఘం ఆ కుటుంబానికి నెలకు 50 రూపాయలిచ్చేదట. డబ్బు సరిపోతోందా అని ఆయన ఉత్తరం రాస్తే, 40తో గడుస్తోంది, పది మిగులుస్తున్నానని ఆమె జవాబిచ్చారట. వెంటనే ఆయన తమకు 40 చాలనీ, మిగతా పది మరో పేద కుటుంబానికి ఇవ్వమనీ సంఘానికి రాశారని చెబుతారు. దాచుకున్న ఆ పది రూపాయల సంగతి ఆమె చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

1964 జూన్‌లో ఆయన ప్రధాని అయ్యారు. మరుసటి ఏడాదే పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చింది. మరోవైపు తిండిగింజలకు అమెరికా గోధుమల మీద ఆధారపడిన రోజులవి. ప్రజలు వారానికొక పూట, సోమవారం రాత్రి, భోజనం మానాలని ఆయన కోరారు. అయితే ఆ మాట దేశానికి చెప్పేముందు తన ఇంట్లోనే పరీక్షించి చూశారు. ఆ సాయంత్రం లలితాదేవి పొయ్యి వెలిగించలేదు. పిల్లలు ఒక పూట ఆకలికి ఓర్చుకోగలరని తెలిశాకే ఆయన దేశాన్ని అడిగారు.

1966 జనవరి 10న తాష్కెంట్‌లో పాకిస్తాన్‌తో ఒప్పందం మీద సంతకం చేసిన కొన్ని గంటలకే, 11 తెల్లవారక ముందే, ఆయన అక్కడే కన్నుమూశారు. ఫియట్ కారు కొనడానికి బ్యాంకులో చేసిన 5,000 రూపాయల అప్పు ఇంకా మిగిలే ఉంది. లలితాదేవి తనకొచ్చే పింఛనులోంచి ఆ అప్పు తీర్చారు. 1993లో ఆమె మరణించారు.

అపొస్తలుల కార్యముల 5వ అధ్యాయంలో మరో జంట ఉంది. అననీయ, సప్పీరా పొలం అమ్మి కొంత దాచుకున్నారు. పొలం వాళ్లదే, దాచుకోవడం తప్పు కాదు. అంతా ఇచ్చేశామని దేవుని ఎదుట అబద్ధమాడటమే తప్పు. పేతురు అడిగినప్పుడు భార్య కూడా భర్త చెప్పిన లెక్కే చెప్పింది. ఆ ఇద్దరూ ఏకమనసుతోనే ఉన్నారు, కానీ అబద్ధంలో ఏకమయ్యారు. శాస్త్రి దంపతులు నిజంలో ఏకమయ్యారు.

శాస్త్రిగారు క్రైస్తవుడు కాదు. కానీ కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు లూకా సువార్త 16వ అధ్యాయంలో నేర్పిన పాఠం ఆ ఇంట్లో కనిపిస్తుంది. మనం ప్రతి ఆదివారం వినే పాఠమే అది. సంఘం డబ్బు చేతిలో ఉన్న కోశాధికారి అయినా, కూలి డబ్బులు తెచ్చే తండ్రి అయినా, మన లెక్క ఇంట్లో భార్యాభర్తల మధ్యే మొదలవుతుంది. ఈ రాత్రి ప్రార్థనకు మోకరించేముందు మనం ఒకరికొకరం చెప్పుకోని ఆ పది రూపాయల సంగతి చెప్పుకుందామా?