అక్క మహాదేవి

ఉమామహేశ్వరము శ్రీశైలమునకు ఉత్తరద్వారమని అచ్చంపేట ప్రాంతము వారికి ప్రత్యేకముగా చెప్పనక్కఱలేదు. 12వ శతాబ్దమున ఆ శ్రీశైలమునే గమ్యముగా జేసికొని, కన్నడ దేశమునుండి కాలినడకను నల్లమల చేరిన స్త్రీ యొకతె కలదు. ఆమెయే అక్క మహాదేవి.

నేటి కర్ణాటకమున శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి గ్రామము ఆమె జన్మస్థానము. బాల్యముననే శివదీక్ష నొంది, మల్లికార్జునునే పతిగా భావించెను. ఆమె వచనములలో ముద్రగా వచ్చు చెన్నమల్లికార్జున నామము మన కొండదేవరదే. కౌశికుడను రాజు ఆమె సౌందర్యమును జూచి వివాహమాడగోరెను. ఈ ఘట్టమున కవులు ఏకాభిప్రాయులు కారు. తన పూజకును, భక్తగోష్ఠికిని, గురుసేవకును అడ్డురారాదను నియమముపై ఆమె సమ్మతించెననియు, రాజు మాట తప్పగా విడిచి వెళ్లెననియు హరిహరకవి కథనము. 15వ శతాబ్దమునాటి చామరసుని ప్రభులింగలీలలో వివాహమే జరుగలేదు. ఎట్లైనను ఆమె రాజభోగములతో పాటు కట్టుబట్టను గూడ విడిచి, తలవెండ్రుకలే ఆచ్ఛాదనముగా బయలుదేరెనని సంప్రదాయము. ఆడుది ఒంటరిగా ఊరి పొలిమేర దాటుటయే సాహసమైన కాలమది!

ఆమె మొదట చేరినది కల్యాణము. బీదరు జిల్లాలోని యా పట్టణము, నేటి బసవకల్యాణము, 1956 వఱకు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే. అచ్చట బసవేశ్వరాది శరణులు కూడు అనుభవ మంటపమునకు అల్లమప్రభువు పెద్ద. ఆయన ఆమెను వెంటనే ఆదరింపలేదు. దేహాభిమానము నిజముగా పోయినచో దేహమును కేశములతో కప్పుకొనుట యేల యని నిలదీసెను. అది తన సిగ్గువలన గాదు, చూచువారి మనస్సు చలింపకుండుటకేనని ఆమె విన్నవించెను. వయస్సున చిన్నదైనను నాటినుండి ఆమె యందఱకు అక్కయైనది.

యోగమనగా ముక్కు మూసికొని కూర్చుండుట యని మనలో కొందఱి తలంపు. శరణుల శివయోగము అంతటితో ఆగునది కాదు. గురువొసగిన ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి చూపును దానియందు నిలుపుట ఆరంభము. చూపు కుదిరినకొలది మనస్సు కుదురును. చేతనున్నదే ప్రాణమునందు ప్రాణలింగముగను, భావమునందు భావలింగముగను తెలియవచ్చును. ఈ మార్గమున భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములని ఆఱు స్థలములు కలవు. భక్తునికి శ్రద్ధ, మహేశునికి నిష్ఠ ముఖ్యము. లభించిన ప్రతిదానిని ఎఱుకతో ఈశ్వర ప్రసాదముగా గ్రహించువాడు ప్రసాది. పిదప వరుసగా అనుభవము, ఆనందము, సమరసము. జీవుడు సతి, లింగము పతి యను భావన ఇందు ప్రధానము. పురుషుడైనను సాధకుడు సతియే. మహాదేవికి ఇది ఉపమానము గాక జీవితమే యైనది.

ఇల్లు విడిచినగాని ఈ సాధన కుదురదా యని కొందఱడుగవచ్చును. శరణులలో పెక్కురు గృహస్థులే. మడివాళ మాచయ్య బట్టలుతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. తమ వృత్తినే వారు కాయకమని పూజగా నెంచిరి. కావున మహాదేవి సన్న్యాసము ఇతరులకు విధి గాదు. ఆమెను బంధింపబోయినది రాజాధికారము. దానినుండి బయటపడుటకు ఆమెకు వేఱు దారి లేకపోయెను.

కల్యాణమునుండి ఆమె శ్రీశైలమునకు వచ్చి, నల్లమలలోని కదళీవనమున తపమొనర్చి అచ్చటనే లింగైక్య మందెనని భక్తుల విశ్వాసము. కదళి యనగా అరటితోట యని మన మనుకొందుము. ఆమె మాత్రము దేహమును, మనస్సును, విషయవాంఛలను గూడ దాటవలసిన కదళిగానే భావించెను. 300కు మించిన ఆమె వచనములు నేటికిని నిలిచియున్నవి. యోగాంగత్రివిధి యను కృతియు ఆమెదే యందురు.

కృష్ణాతీరమున అక్కమహాదేవి గుహలు కలవు. శ్రీశైలము పాతాళగంగ నుండి యాత్రికులు పడవలో అచ్చటికి పోవుదురు. గుహ ముందు ప్రకృతిసిద్ధమైన ఱాతి తోరణము. లోపల చీకటి, ఇఱుకు దారి. ఒక్కొక్కరుగా వంగి, గోడను తడవుకొనుచు పోయినగాని చివరనున్న లింగము దర్శనమీయదు.