నాగలి నుండి యంత్రం దాకా: మోక్షగుండం విశ్వేశ్వరయ్య

మోక్షగుండం ఆంధ్రదేశంలోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన ఒక చిన్న గ్రామం. అక్కడి నుండి కొన్ని తరాల క్రితం మైసూరు సంస్థానానికి వలస వచ్చిన ఒక తెలుగు కుటుంబం ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా నిలుపుకొన్నది. ఆ వంశంలో, చిక్కబళ్ళాపురం సమీపాన ఉన్న ముద్దేనహళ్ళిలో, 1860 ప్రాంతంలో జన్మించినవారే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆనకట్టల నిర్మాతగా ఆయనను ఎరుగనివారు లేరు. కాని దేశ సంపదలో సేద్యం పాలు ఎంత, పరిశ్రమల పాలు ఎంత అని లెక్కించి, ఆ పాళ్ళను మార్చడానికి జీవితమంతా పాటుపడిన ఆర్థిక చింతకుడిగా ఆయనను స్మరించేవారు తక్కువ.

తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు. ఆయన బాల్యంలోనే మరణించగా, విశ్వేశ్వరయ్య బెంగుళూరు చేరి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువు సాగించారు. ఆయన విద్యార్థి దశలోనే 1876-78 నాటి ఘోర క్షామం మైసూరు సంస్థానాన్ని కబళించింది. వాన కురవని ఏడు, సేద్యం తప్ప మరో ఆధారం లేని జనం గతి ఏమవుతుందో ఆ కరువు లోకానికి చూపింది. 1881లో బి.ఏ., 1883లో పూనాలో ఇంజనీరింగ్ పూర్తి చేసిన ఆయన 1884లో బొంబాయి ప్రభుత్వ సేవలో ప్రవేశించారు.

1898లో చేసిన జపాన్ పర్యటన ఆయన ఆలోచనకు దారి చూపింది. కొద్ది దశాబ్దాలకు పూర్వం వ్యవసాయ దేశంగా ఉన్న జపాన్, విద్య వల్ల, యంత్ర పరిశ్రమల వల్ల ఎట్లు ఎదుగుతున్నదో ఆయన కళ్ళారా చూశారు. 1908 నాటి మూసీ వరదల పిమ్మట నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా, 1909లో హైదరాబాదు వచ్చి వరద నివారణకు జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఆ సూచనల ఫలమే.

అదే సంవత్సరం మైసూరు చీఫ్ ఇంజనీరుగా చేరి, 1912లో దివాన్ అయ్యారు. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగర్ నిర్మాణం వెనుక రెండు ఉద్దేశాలు ఉన్నాయి. ఒకటి మండ్య ప్రాంతపు పొలాలకు నీరు. రెండవది శివనసముద్రం విద్యుత్ కేంద్రానికి ఏడాది పొడవునా తరగని ప్రవాహం. ఆ విద్యుత్తే కోలారు బంగారు గనులను నడిపింది. ఒకే నది నీటితో పొలాన్నీ యంత్రాన్నీ పోషించడమే ఆయన పద్ధతి. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, అదే కాలంలో సబ్బుల కర్మాగారం, గంధపు నూనె కర్మాగారం వెలిశాయి. పెట్టుబడి, చదువు, ముడిసరుకు మూడూ కలిస్తేనే పరిశ్రమ నిలుస్తుందని ఆయన విశ్వాసం.

అయితే ఆయన మార్గం నిర్విఘ్నంగా సాగలేదు. ప్రభుత్వోద్యోగాల్లో వెనుకబడిన వర్గాలకు వాటా కావాలన్న కోరికపై మహారాజు 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలన్నది దివాన్ మతం. ఆ భేదంతో ఆయన పదవిని వీడారు. తరతరాలుగా బడి ముఖం చూడనివారికి ప్రతిభ చూపే అవకాశమే ఎక్కడిదన్న ప్రశ్న మాత్రం నిలిచే ఉంది. ఆయన హయాంలోనే ప్రాథమిక విద్యను నిర్బంధం చేసే చట్టం వచ్చినా, దాని ఫలం అందరికీ అందడానికి కాలం పట్టింది.

భద్రావతి ఇనుప కర్మాగారం మరొక పరీక్ష. 1923లో ఉత్పత్తి ఆరంభమయ్యే నాటికి యుద్ధానంతరం ఇనుము ధర పడిపోయింది. ప్రజాధనం వృథా అయిందని విమర్శలు చెలరేగాయి. 1923 నుండి 1929 వరకు విశ్వేశ్వరయ్యే దాని పాలకవర్గానికి అధ్యక్షులై, ఖర్చులు అదుపు చేసి నిలదొక్కుకునేలా చేశారు.

1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ కావాలని ఆయన గ్రంథం వెలువరించారు. పదేళ్ళలో జాతీయాదాయం రెట్టింపు కావాలి, సేద్యంపై అధికంగా ఆధారపడిన జనంలో పెద్ద భాగం పరిశ్రమలకు మరలాలి అన్నది అందలి సారం. జనం పెరిగినంతగా భూమి పెరగదు కనుక, పొలం చీలే కొద్దీ పేదరికం పెరుగుతుందని ఆయన వాదం. గాంధీజీ గ్రామ పరిశ్రమలను కోరగా, ఈయన భారీ యంత్రాలను కోరారు. నాలుగేళ్ళకే కాంగ్రెస్ జాతీయ ప్రణాళికా సంఘాన్ని ఏర్పరచింది. 1955లో భారతరత్న అందుకొన్న విశ్వేశ్వరయ్య 1962లో నూరేళ్ళు దాటి కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబర్ 15ను ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటున్నాము.

ఆయన కోరిన మార్పు సగమే నెరవేరింది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో దేశోత్పత్తిలో దాదాపు సగం సేద్యం నుండే వచ్చేది. నేడది ఐదవ వంతు కంటే తక్కువ. ఆ ఖాళీని నింపినవి ఆయన ఆశించినట్లు కర్మాగారాలు కావు. వర్తకం, రవాణా, బ్యాంకులు, కంప్యూటరు రంగం వంటి సేవలే నేడు సగానికి పైగా ఉన్నాయి. కాని పనిచేసేవారిలో నూటికి నలభై మందికి పైగా ఇప్పటికీ పొలాల్లోనే ఉన్నారు. సంపద తరలిపోయినంత వేగంగా మనుషులు తరలలేదు. ఆయన విద్యుత్తు పంపిన కోలారు గనులు 2001లో మూతపడ్డాయి. ఆ గని కార్మికుల బిడ్డలు తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరు పనులకు పోయి, పొద్దుపోయాక ఇల్లు చేరుతున్నారు. విశ్వేశ్వరయ్య వేసిన లెక్కలో ఇంకా తేలని భాగం అదే.