హెలెన్ కెల్లర్

హెలెన్ ఆడమ్స్ కెల్లర్ (జూన్ 27, 1880 - జూన్ 1, 1968) అమెరికా దేశానికి చెందిన ప్రముఖ రచయిత్రి, ఉపన్యాసకురాలు, వికలాంగుల హక్కుల కొరకు కృషి చేసిన సంఘసేవిక. చూపు, వినికిడి రెండూ లేనివారిలో బి.ఎ. పట్టా పొందిన మొట్టమొదటి వ్యక్తి ఈమె. బాల్యంలో నీటి పంపు వద్ద ఈమె తొలి మాటను గ్రహించిన సంగతి చాలామందికి తెలుసు. కళాశాలలో పాఠాలను ఎలా విన్నది, ఎలా వ్రాసుకొన్నది, పుస్తకాలను ఎలా చదివినది అన్న సంగతి అంతగా తెలియదు. ఈమె జీవితకాల కృషికి మూలం అక్కడే ఉంది.

బాల్యము

హెలెన్ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో టస్కంబియా అనే చిన్న పట్టణంలో జన్మించింది. తండ్రి ఆర్థర్ కెల్లర్, తల్లి కేట్ ఆడమ్స్ కెల్లర్. పందొమ్మిది నెలల వయసులో వచ్చిన తీవ్రమైన జబ్బు వలన చూపును, వినికిడిని కోల్పోయింది. టెలిఫోన్ సృష్టికర్తగా పేరుపొందిన అలెగ్జాండర్ గ్రాహంబెల్ సలహాపై తల్లిదండ్రులు బోస్టన్‌లోని పెర్కిన్స్ అంధుల పాఠశాలను ఆశ్రయించారు. ఆ పాఠశాలలో చదివిన ఆన్ సలివన్ 1887 మార్చి 3న హెలెన్‌కు ఉపాధ్యాయినిగా వచ్చింది. ఆమె ఒక్కొక్క అక్షరాన్ని వేళ్ళ గుర్తులతో హెలెన్ అరచేతిలో తెలియజేసేది. ఒక చేతిపై నీళ్ళు పడుతుండగా మరొక చేతిలో 'నీరు' అన్న పదాన్ని వ్రాసినప్పుడు, ప్రతి వస్తువుకూ ఒక పేరు ఉన్నదని హెలెన్ గ్రహించింది. ఆ తరువాత కొద్ది కాలంలోనే ఉబ్బెత్తు అక్షరాలను, బ్రెయిలీ లిపిని నేర్చుకొన్నది.

కళాశాల ప్రవేశము

1896లో హెలెన్ కేంబ్రిడ్జిలోని ఒక బాలికల పాఠశాలలో చేరి, రాడ్‌క్లిఫ్ కళాశాల ప్రవేశ పరీక్షలకు సిద్ధమైనది. లండన్, ఫిలడెల్ఫియాలలోని మిత్రులు తొందరపడినా, కావలసిన పాఠ్యపుస్తకాలు ఉబ్బెత్తు అచ్చులో సమయానికి అందలేదు. రేఖాగణితం కొరకు ఒక మెత్తపై తిన్నని తీగలను, వంపు తీగలను అమర్చి, వాటిని తడిమి ఆకారాలను తెలుసుకొనేది. సమాధానాలను టైపురైటరుపై వ్రాసేది.

1899లో జరిగిన తుది పరీక్షలలో ప్రశ్నపత్రాలను సలివన్ చదివి చెప్పడానికి కళాశాల అధికారులు అనుమతించలేదు. పెర్కిన్స్ ఉపాధ్యాయుడు ఒకరు వాటిని అమెరికన్ బ్రెయిలీలోకి మార్చి ఇచ్చారు. ఆ కాలంలో ఇంగ్లీషు బ్రెయిలీ, అమెరికన్ బ్రెయిలీ, న్యూయార్క్ పాయింట్ అని మూడు చుక్కల లిపులు వాడుకలో ఉండేవి. హెలెన్ బీజగణితాన్ని నేర్చుకొన్నది ఇంగ్లీషు బ్రెయిలీలో. పరీక్ష గుర్తులు వేరని ఆమెకు రెండు రోజుల ముందు మాత్రమే తెలిసింది. ఉత్తరం వ్రాసి కొత్త గుర్తుల పట్టికను తెప్పించుకొని, వాటిని నేర్చుకొని, పరీక్షలో ఉత్తీర్ణురాలైనది. లెక్క తెలిసి కూడా, లెక్కను వ్రాసిన లిపి వేరైనందున తప్పిపోయే ప్రమాదం ఆమెకు కలిగింది.

కళాశాల జీవితము

1900లో హెలెన్ రాడ్‌క్లిఫ్‌లో చేరింది. మార్క్ ట్వేన్ ప్రోద్బలంతో హెన్రీ రోజర్స్ అనే ధనికుడు ఈమె చదువుకు సహాయం చేశాడు. తరగతిలో ప్రక్కనే కూర్చున్న సలివన్, అధ్యాపకుల మాటలను ఎప్పటికప్పుడు ఆమె చేతిలో వేళ్ళతో చెప్పేది. తోటి విద్యార్థినులు వింటూనే వ్రాసుకొనేవారు. హెలెన్ చేతులు వినడంలోనే నిమగ్నమై ఉండేవి కనుక ఆమెకు అది సాధ్యం కాలేదు. చెవి చేయవలసిన పని, కలము చేయవలసిన పని రెండూ చేతులవే అయినాయి. అందువలన ఇంటికి వెళ్ళిన తరువాత, గుర్తున్నంతవరకు వ్రాసి పెట్టుకొనేది.

ఇందుకు ఆమె వాడినది హామండ్ టైపురైటరు. దీనిలో అక్షరాల పట్టీని మార్చుకొనే వీలుండడం వలన గ్రీకు, ఫ్రెంచి అక్షరాలను, గణిత గుర్తులను కూడా వ్రాయవచ్చును. తాను వ్రాసినదాన్ని మళ్ళీ చదువుకోవాలంటే మాత్రం బ్రెయిలీ తప్పనిసరి. చదవవలసిన గ్రంథాలలో బ్రెయిలీలో లభించినవి కొన్నే. మిగిలినవాటిని సలివన్ చదివి చేతిలో చెప్పవలసి వచ్చేది. సలివన్ చూపు కూడా బలహీనమైనదే. ఈ శ్రమతో ఆమె కళ్ళు మరింత దెబ్బతిన్నాయి.

విద్యార్థినిగా ఉండగానే 1903లో హెలెన్ ఆత్మకథ 'ది స్టోరీ ఆఫ్ మై లైఫ్' వెలువడింది. 1904లో ఆమె ప్రశంసార్హమైన శ్రేణిలో బి.ఎ. పట్టా పొందింది.

అంధుల గ్రంథాల కొరకు కృషి

కళాశాలలో తాను పడిన ఇబ్బంది ఇతరులకు ఉండరాదని హెలెన్ భావించింది. అంధులందరికీ ఒకే లిపి ఉండాలని వాదించినవారిలో ఈమె ఒకరు. 1932లో అమెరికా, బ్రిటన్ దేశాల ప్రతినిధులు ఒకే ఇంగ్లీషు బ్రెయిలీ పద్ధతిని అంగీకరించారు. 1924 నుండి అమెరికా అంధుల సంస్థ తరపున పనిచేస్తూ, విరాళాలు సేకరిస్తూ, ప్రభుత్వ సహాయం కొరకు ప్రయత్నించింది. 1931లో వచ్చిన చట్టం వలన అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం అంధులకు పుస్తకాలు అందించడం మొదలైనది.

సలివన్ 1936లో మరణించింది. 1955లో హెలెన్ భారతదేశాన్ని సందర్శించింది. 1964లో అమెరికా అధ్యక్షుని స్వాతంత్ర్య పతకం లభించింది. 1968లో కనెక్టికట్ రాష్ట్రంలోని తన ఇంటిలో మరణించింది.

తెలుగు విద్యార్థులకు ప్రాసంగికత

భారతదేశంలో కూడా ఒకప్పుడు పలు బ్రెయిలీ పద్ధతులు ఉండేవి. 1951లో భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా భారతి బ్రెయిలీ ఏర్పడింది. తెలుగు బ్రెయిలీ అందులో భాగమే. దీనిని వ్రాయడానికి రంధ్రాల పలక, గుచ్చే మొనగల పరికరం సరిపోతాయి. తెరపై ఉన్న అక్షరాలను చదివి వినిపించే ఉచిత సాఫ్టువేరు ఎన్‌విడిఎ 2006లో ప్రారంభమైనది. 2016లో భారతదేశంలో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైను గ్రంథాలయం ఏర్పడింది. వికలాంగుల హక్కుల చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది.

పరికరాలు మారినా, హెలెన్ ఎదుర్కొన్న ప్రశ్న మారలేదు. ఇచ్చోడ వంటి మండల కేంద్రం నుండి డిగ్రీ చదువుకు వెళ్ళే చూపులేని విద్యార్థికి కూడా, చదవగలిగే రూపంలో పుస్తకం తరగతులు మొదలయ్యేలోపు అందినప్పుడే ఆ పరికరం ఉపయోగపడుతుంది.