మాత్రకు కవచము తొడిగిన వైద్యుడు

జర్మనీ దేశపు రేవుపట్టణమగు హాంబర్గులో 1850 సం. సెప్టెంబరు 8వ తేదీన పాల్ గెర్సన్ ఉన్నా జన్మించెను. ఆ యింటిపేరు మన చెవులకు క్రియాపదమువలె తోచును! తండ్రి వైద్యుడు. కుమారుడును వైద్యవిద్య నభ్యసించుచుండగా 1870లో ఫ్రాన్సుతో యుద్ధము సంభవించెను. అతడు సైన్యమున జేరి తీవ్రముగా గాయపడెను. కోలుకొని, చదువు ముగించి, స్వస్థలముననే చర్మవ్యాధుల చికిత్సాలయమును స్థాపించెను.

చర్మపు పైపొరలు కొమ్మువలె నెట్లు గట్టిపడునో యని ఆయన సూక్ష్మదర్శినితో చిరకాలము పరిశోధించెను. గోళ్లు, వెండ్రుకలు, పక్షి యీకలు, వీని యన్నిటియందును కెరాటిను అను పదార్థము గలదు. అది జఠరరసమునకు లొంగదు, క్షారమునందు కరగును. చర్మవైద్యుని దృష్టి కడుపులోని మాత్రమీదికి బోవుట కిదియే కారణము.

కొన్ని మందులు జఠరమును మండించును. మరికొన్నిటిని జఠరామ్లమే చెరచును. జఠరము దాటి చిన్నప్రేవులు చేరినచో పైత్యరసము మొదలగునవి యా యామ్లమును విరిచివేయును. అంతవరకు మందును కాపాడు పూత కావలెను. ఉన్నా ఈకకాడల తురుమును కృత్రిమ జఠరరసమున నానబెట్టి, కరగునదెల్ల పోగా మిగిలినదానిని అమ్మోనియాలో కరగించి మాత్రలకు పూసెను. ఏ శత్రువు నెదిరింపవలెనో ఆ శత్రువుచేతనే ముందుగా పరీక్షింపజేయుట యెంత చక్కని యుపాయము! 1884లో ఈ విధానమును ప్రకటించెను.

అయినను ఆ పూత నమ్మదగినది కాలేదు. ఒక్కొక్కప్పుడు ముందే విడిపోవును. ఒక్కొక్కప్పుడు మాత్ర కరగక యెట్లున్నదట్లే వెలికి వచ్చును. మందు మ్రింగియు రోగికి మందు లేనట్లే గదా! అందుచే తరువాతివారు కెరాటినును విడిచిరి గాని, ఉన్నా యూహను విడువలేదు. నేటి పూతలు ఆమ్లగుణముగల కృత్రిమ పదార్థములు. పి.హెచ్. 1 మొదలు 3 వరకుండు ఖాళీ జఠరమున నవి చెక్కుచెదరవు, 5.5 గాని అంతకుమించి గాని యున్న ప్రేవులలో కరగును. ఒమెప్రజోలు గుళికలు ఇట్టివే. వానిని నమలినను నూరినను కవచము పగిలి మందు జఠరముననే చెడును. భోజనమైన పిమ్మట మాత్ర జఠరమున చాలసేపు నిలుచును గనుక పని యారంభించు వేళయు మారుచుండును.

ఉన్నాకు కీర్తి తెచ్చినది ముఖ్యముగా 1894లో వెలువరించిన చర్మరోగ గ్రంథము. 1919లో హాంబర్గు విశ్వవిద్యాలయము నెలకొల్పబడగా అందు ఆచార్యపదవి నొందెను. 1929 సం. జనవరి 29వ తేదీన ఆ పట్టణముననే మరణించెను.