ఎలిజబెత్ లీ హేజెన్

ఎలిజబెత్ లీ హేజెన్ (ఆగష్టు 24, 1885 - జూన్ 24, 1975) అమెరికాకు చెందిన సూక్ష్మజీవశాస్త్రవేత్త. రసాయనశాస్త్రవేత్త రేచెల్ ఫుల్లర్ బ్రౌన్‌తో కలిసి నిస్టాటిన్ అనే ఔషధాన్ని కనుగొంది. మానవులకు సోకే శిలీంధ్ర వ్యాధులలో సురక్షితంగా వాడదగిన మొదటి యాంటీబయాటిక్‌గా నిస్టాటిన్ ప్రసిద్ధి పొందింది.

బాల్యం, విద్య

హేజెన్ మిసిసిపీ రాష్ట్రంలోని రిచ్ అనే పల్లెలో జన్మించింది. తల్లిదండ్రులు ప్రత్తి రైతులు. ఆమెకు నాలుగేళ్ళు నిండకముందే ఇద్దరూ మరణించడంతో తండ్రి సోదరుని ఇంట పెరిగింది. 1910లో కొలంబస్‌లోని మహిళా కళాశాలలో పట్టభద్రురాలై, కొంతకాలం జాక్సన్ నగరంలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసింది. తరువాత న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి 1917లో బాక్టీరియా శాస్త్రంలో ఎం.ఎస్. పట్టా పొందింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యపు రోగనిర్ధారణ ప్రయోగశాలలలోను, ఆ పిమ్మట పశ్చిమ వర్జీనియాలోని ఒక ఆసుపత్రి ప్రయోగశాలలోను పనిచేసి, తిరిగి చదువుకు వచ్చింది. ఆముదపు గింజలలో ఉండే రిసిన్ అనే విషంపై పరిశోధించి 1927లో డాక్టరేటు సాధించింది. అప్పటికి ఆమె వయస్సు 42 సంవత్సరాలు.

ఆరోగ్యశాఖలో

1931లో న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ప్రయోగశాలల విభాగంలో చేరింది. బ్రష్షుల కర్మాగారం ఒకదానిలో ఆంత్రాక్స్ వ్యాధి మూలాన్ని గుర్తించడం, దిగుమతి చేసుకున్న డబ్బా చేపలలో ప్రాణాంతకమైన బాట్యులిజం విషాన్ని కనిపెట్టడం ఈ కాలపు పనులే. 1944లో విభాగాధిపతి అగస్టస్ వాడ్స్‌వర్త్ ఆమెకు శిలీంధ్ర వ్యాధుల పరిశోధనను అప్పగించాడు. అరవైకి చేరువవుతున్న వయస్సులో ఆమె కొలంబియాలోని రోడా బెన్‌హామ్ ప్రయోగశాలకు వెళ్ళి శిలీంధ్రశాస్త్రాన్ని నేర్చుకొంది. రోగుల నుండి సేకరించిన శిలీంధ్రాలను పెంచి, పోల్చి చూసుకోవడానికి పెద్ద సేకరణనే తయారుచేసింది. తరువాతి పరీక్షలకు ఈ సేకరణే పునాది.

అది పెన్సిలిన్ వాడుక వ్యాపిస్తున్న సమయం. ఈ మందులు బాక్టీరియాలను చంపుతాయి గాని శిలీంధ్రాలను తాకవు. పైగా శరీరంలోని మేలుచేసే బాక్టీరియాలు నశించినపుడు కాండిడా వంటి శిలీంధ్రాలు అదుపు లేకుండా పెరిగి నోటిపూత మొదలైన బాధలను కలిగిస్తాయి. వీటికి తగిన మందు లేదు. శిలీంధ్ర కణం నిర్మాణంలో మనిషి కణానికి దగ్గరగా ఉంటుంది. కాబట్టి దానిని చంపే పదార్థం చాలాసార్లు రోగికి కూడా విషమే.

నిస్టాటిన్ ఆవిష్కరణ

1948లో కొత్త అధిపతి గిల్బర్ట్ డాల్‌డార్ఫ్ ఆమెకు ఆల్బనీలో పనిచేస్తున్న రేచెల్ బ్రౌన్‌ను జతచేశాడు. ఇద్దరి ప్రయోగశాలల మధ్య దూరం దాదాపు 240 కిలోమీటర్లు. పని అంతా తపాలా ద్వారానే సాగింది. హేజెన్ వేర్వేరు చోట్ల మట్టిని తెప్పించి, అందులోని సూక్ష్మజీవులను వేరుచేసి పెంచేది. తరువాత ఒక్కొక్కదానిని రెండు శిలీంధ్రాలపై పరీక్షించేది. ఒకటి కాండిడా అల్బికాన్స్, రెండవది మెదడు పొరల వాపును కలిగించే క్రిప్టోకాకస్ నియోఫార్మన్స్. శిలీంధ్రం పెరుగుదల ఆగినట్లు కనబడితే ఆ వర్ధనాన్ని గాజు జాడీలో పెట్టి ఆల్బనీకి పంపేది. బ్రౌన్ ద్రావణులతో అందులోని క్రియాశీల పదార్థాన్ని విడదీసి తిప్పి పంపేది. హేజెన్ దానిని మళ్ళీ అవే శిలీంధ్రాలపై పరీక్షించి, ఆపై జంతువులకు ఎక్కించి చూసేది. గాజుపాత్రలో విజయవంతమైన పదార్థాలలో అధికభాగం ఈ చివరి పరీక్షలో విఫలమయ్యాయి.

ఫలితమిచ్చిన మట్టి వర్జీనియాలో హేజెన్ స్నేహితులైన నోర్స్ కుటుంబీకుల వ్యవసాయ క్షేత్రంలోనిది. అందులోని సూక్ష్మజీవికి వారి పేరు మీదనే స్ట్రెప్టోమైసిస్ నోర్సీ అని పేరుపెట్టారు. అది రెండు శిలీంధ్రనాశక పదార్థాలను తయారుచేస్తున్నట్లు తేలింది. ఒకటి జంతువులకు విషం. రెండవది రెండు శిలీంధ్రాలనూ అణచివేస్తూ జంతువులకు అంతగా హాని చేయలేదు. 1950లో స్కెనెక్టడీలో జరిగిన నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశంలో ఈ ఆవిష్కరణను ప్రకటించారు. మొదట ఫంగిసిడిన్ అన్నారు గాని, ఆ పేరు అప్పటికే వాడుకలో ఉండటంతో న్యూయార్క్ స్టేట్ పేరు కలిసివచ్చేలా నిస్టాటిన్‌గా మార్చారు. స్క్విబ్ కంపెనీ 1954లో మైకోస్టాటిన్ పేరుతో మాత్రలను విడుదల చేసింది.

శిలీంధ్ర కణపు పొరలో ఉండే ఎర్గోస్టెరాల్‌కు నిస్టాటిన్ అతుక్కొని రంధ్రాలు చేస్తుంది. ఫలితంగా కణంలోని పొటాషియం బయటకు కారిపోయి కణం చనిపోతుంది. మనిషి కణాలలో దీనికి బదులు కొలెస్టరాల్ ఉంటుంది. అయితే ఈ మందు ప్రేగుల నుండి రక్తంలోకి దాదాపుగా చేరదు, సూదిమందుగా ఇస్తే హానికరం. అందువలన నోరు, ప్రేగులు, చర్మం, యోని వ్యాధులకే ఇది పరిమితమైంది. హేజెన్ పరీక్షలలో అణగిన క్రిప్టోకాకస్ మెదడుకు సోకితే మాత్రం దీనివలన ప్రయోజనం లేదు. ఆ లోటును తీర్చినది 1950 దశకంలోనే వెలువడిన ఆంఫోటెరిసిన్ బి. 1966లో ఫ్లోరెన్స్ వరదలలో తడిసి బూజుపట్టిన చిత్రాలను కాపాడటానికి కూడా నిస్టాటిన్‌ను వాడారు.

పేటెంటు ఆదాయం

నిస్టాటిన్‌కు 1957లో పేటెంటు లభించింది. దానిపై సుమారు 1 కోటి 30 లక్షల డాలర్ల రాయల్టీ వచ్చింది. హేజెన్, బ్రౌన్ ఇందులో తమ కోసం ఏమీ తీసుకోలేదు. సగం రీసెర్చ్ కార్పొరేషన్ అనే సంస్థ ద్వారా శాస్త్ర పరిశోధనలకు, మిగిలిన సగం బ్రౌన్-హేజెన్ నిధికి చేరింది. అప్పట్లో ఆదరణ తక్కువగా ఉన్న వైద్య శిలీంధ్రశాస్త్రంలో శిక్షణకు, పరిశోధనకు ఈ నిధి ఎంతో తోడ్పడింది. ప్రభుత్వ జీతం మీద బ్రతికిన ఇద్దరికీ ఇది చిన్న త్యాగమేమీ కాదు.

చివరి సంవత్సరాలు

హేజెన్ 1955లో సహరచయితతో కలిసి రోగకారక శిలీంధ్రాలను ప్రయోగశాలలో గుర్తించే విధానంపై ఒక పుస్తకం వెలువరించింది. బ్రౌన్‌తో కలిసి ఫాలామైసిన్, కాపాసిడిన్ అనే మరి రెండు యాంటీబయాటిక్‌లను కూడా కనుగొంది. 1960లో పదవీ విరమణ చేసిన తరువాత కొలంబియాలో అతిథి పరిశోధకురాలిగా కొనసాగింది. 1975లో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమిస్ట్స్ వారి కెమికల్ పయనీర్ పురస్కారం ఇద్దరికీ లభించింది. ఈ పురస్కారం పొందిన మొదటి మహిళలు వీరే. అదే సంవత్సరం జూన్ 24న సియాటిల్‌లో హేజెన్ మరణించింది. 1994లో ఇద్దరి పేర్లనూ అమెరికా జాతీయ ఆవిష్కర్తల కీర్తిమందిరంలో చేర్చారు.